నిలబెట్టిన గుణాలు: తెలుగు నేలపై మిషనరీల వందేళ్లు

లండన్ మిషనరీ సొసైటీ పంపగా 1805లో విశాఖపట్నంలో దిగిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజస్ ఎక్కువ కాలం బతకలేదు. క్రాన్ 1809లో, డెగ్రాంజస్ 1810లో పోయారు. ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడి సాయంతో మొదలుపెట్టిన సువార్తల తెలుగు అనువాదం 1812లో సెరంపూర్‌లో అచ్చయింది. కళ్లారా చూసుకోవడానికి అప్పటికి ఇద్దరూ లేరు.

ఆ రోజుల్లో మిషనరీలో మొదట వెతికిన గుణం ప్రాణానికి తెగించడం. ఓడ ఎక్కేటప్పుడే ఇంటివాళ్ల దగ్గర ఆఖరి సెలవు తీసుకునేవారు. ఆ తెగువను తక్కువ చేయను. కానీ చావుకు సిద్ధపడ్డ మనిషి ఇరవై ఏళ్ల నిరాశకు కూడా సిద్ధపడ్డాడని చెప్పలేం. ఎండ, రాని భాష, వినని జనం, నెలల తరబడి అందని ఉత్తరాలు. వీటి మధ్య నిలబడాలంటే కావాల్సింది బైబిల్ దీర్ఘశాంతము అని పిలిచే గుణం. అది ఎలా ఉంటుందో నెల్లూరు చూపించింది.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1836లో వచ్చి, శ్రీకాకుళంలోనూ మద్రాసులోనూ పనిచేసి, 1840లో నెల్లూరు చేరాడు. ఏళ్లు గడిచినా సంఘంలో చేరినవాళ్లు చాలా కొద్దిమంది. ఈ మిషన్‌ను మూసేయాలా వద్దా అని 1853లో అమెరికాలోని ఆల్బనీలో బాప్టిస్టులు చర్చకు పెట్టారు. ఒంటరి నక్షత్రమనే అర్థంలో దానికి ‘లోన్ స్టార్’ పేరు స్థిరపడింది అప్పుడే. చివరికి మూయలేదు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆ మిషన్‌కే చెందిన లైమన్ జూయెట్, ఆయన భార్య, వాళ్లతోపాటు నర్సు, జూలియా, రూతు అనే ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలులో ఒక కొండెక్కారు. ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. అడిగిన మనిషి వచ్చి అక్కడ కాపురం పెట్టడానికి పన్నెండేళ్లు దాటింది.

అంతకు ముందే మచిలీపట్నంలో మరో రకం ఓర్పు కనపడింది. 1841లో వచ్చిన రాబర్ట్ నోబుల్ బడి పెట్టి, 1865లో కన్నుమూసేదాకా ఒక్కసారి కూడా ఇంగ్లండ్ వెళ్లలేదు. గుంటూరులో 1842లో అడుగుపెట్టిన లూథరన్ పాదిరి హేయర్ మాత్రం వెళ్లాడు, మళ్లీ వచ్చాడు. మధ్యలో యాభై దాటిన వయసులో వైద్యం చదివి డాక్టరయ్యాడు. రాజమండ్రి మిషన్ చేజారిపోతుందని తెలిసి డెబ్బై ఆరేళ్ల వయసులో మూడోసారి ఓడెక్కాడు. అంత వయసులోనూ కొత్తగా నేర్చుకోగల అణకువ ఆయన దగ్గర నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం.

ఒంగోలు కొండ మీద అడిగిన మనిషి జాన్ క్లౌ. అమెరికాలో భూమి సర్వే పని చేసినవాడు. 1865లో నెల్లూరు వచ్చి, 1866 సెప్టెంబరులో ఒంగోలు చేరాడు. అప్పటికే బాప్తిస్మం పొందిన మాదిగ తోళ్ల వర్తకుడు యెర్రగుంట్ల పేరయ్య ఆయనకు తన ఊళ్లు చూపించాడు, తనవాళ్లతో ఎలా మాట్లాడాలో నేర్పాడు. పేరయ్య అంతకుముందు యోగమార్గంలో నడిచినవాడు, గురువుగా నలుగురి మన్నన పొందినవాడు. మాదిగలు సంఘంలో చేరిన ఉద్యమానికి దారి వేసింది పేరయ్యే. క్లౌ గొప్పతనం ఆయన వెంట నడవడానికి ఒప్పుకోవడంలో ఉంది.

ఆ ఒప్పుకోలుకు మూల్యం చెల్లించాల్సి వచ్చింది. మాదిగలను చేర్చుకుంటే తాము దూరమవుతామని ఒంగోలు బ్రాహ్మణులు కబురు పెట్టారు. క్లౌ ఒక గదిలో, భార్య హారియెట్ మరో గదిలో బైబిల్ తెరిస్తే, ఒకరికి తెలియకుండా ఒకరికి ఒకే భాగం కనపడిందట. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం, దేవుడు నీచులైనవారిని ఏర్పరచుకున్నాడని చెప్పే చోటు. వాళ్లు పేదల వైపే నిలిచారు. అగ్రవర్ణాల మెప్పు వస్తే పని సులువవుతుందని తెలిసి కూడా దాన్ని వదులుకోవడం చిన్న విషయం కాదు.

అసలు పరీక్ష 1876-78 కరువు. ఆకలితో జనం రాలిపోతుంటే క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. ఉపదేశకులే అక్కడ మేస్త్రీలు. కూలీలు మట్టి తట్టలు దించి సేద తీరే వేళ వాళ్ల మధ్య కూర్చుని కష్టసుఖాలు విన్నారు, అడిగినవాళ్లకు క్రీస్తును గురించి చెప్పారు. తండోపతండాలుగా జనం బాప్తిస్మం అడుగుతుంటే క్లౌ ఇవ్వనన్నాడు. తిండి కోసం ఎవరూ విశ్వాసి కాకూడదని దాదాపు పదిహేను నెలలు ఆపాడు. కరువు సాయం ముగిశాక, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్లలో నిలబడి ఇచ్చింది తెలుగు బోధకులు ఆరుగురు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ. ఈ చరిత్ర చెప్పేవాళ్లంతా ఆ సంఖ్యను చెబుతారు. నాకు మాత్రం ఆ పదిహేను నెలల నిగ్రహమే పెద్దదిగా తోస్తుంది.

ఆ తర్వాతి తరంలో ఈ నిగ్రహం గుంటూరులో వేరే రూపంలో కనపడుతుంది. అన్నా కుగ్లర్ 1883లో వచ్చేనాటికే డాక్టరు. అయినా పంపినవాళ్లు ఆమెను వైద్యానికి నియమించలేదు, స్త్రీలకు చదువు చెప్పమన్నారు. ఆ పని చేస్తూనే రోగులను చూసింది. రెండేళ్లకు వైద్య మిషనరీగా గుర్తింపు వచ్చింది, తర్వాత ఆసుపత్రి లేచింది. 1930లో గుంటూరులోనే కన్నుమూసింది.

ఇంతవరకూ త్యాగం, ఓర్పు, సేవ. వీటన్నిటి అడుగునా ఒక లోపం మిగిలిపోయిందని 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో చెప్పినవాడు వి.ఎస్. అజరయ్య. తిరునెల్వేలి తమిళుడు. 1909లో దోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని, తానే మిషనరీగా పనిచేస్తున్నవాడు. మీ త్యాగాలకు రుణపడి ఉన్నాం, కానీ మాకు స్నేహితులు కావాలి అని ఆయన అడిగాడు. సభలో కొందరికి ఆ మాట గుచ్చుకుంది. ప్రాణమిచ్చినవాడు కూడా పక్కన కూర్చోబెట్టుకుని భోజనం పెట్టకపోవచ్చునని అంత సూటిగా చెప్పినవాళ్లు అరుదు. 1912లో అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు.

దీనికి ముందే తెలుగు సంఘం తానూ పంపడం మొదలుపెట్టింది. తెలుగు బాప్టిస్టుల హోం మిషన్ సొసైటీ 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్యను దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు పంపింది. తోటల్లో పనికి వెళ్లిన తెలుగు కూలీల కోసం ఆయన వెళ్లాడు, ఆ ఏడాది డిసెంబరులోనే కెర్స్నీలో తెలుగు బాప్టిస్టు సంఘం నెలకొల్పాడు. 1915లో అక్కడే కన్నుమూశాడు.

ఇవాళ కొత్త ప్రాంతాలకు తమ యువకులను సాగనంపే తెలుగు సంఘాలకు ఒక మనవి. వాళ్ల మొదటి ఉత్తరానికే ఎంతమంది మారారని జవాబు రాయకండి. అక్కడి భాష ఎంతవరకు వచ్చింది, ఎవరింట్లో భోజనం చేస్తున్నావు, మీ పేరయ్య దొరికాడా అని అడగండి.