పరస్పర ప్రభావం (సాంఖ్యక శాస్త్రం)

సాంఖ్యక శాస్త్రంలో, ఒక స్వతంత్ర చలరాశి ఫలితంపై చూపే ప్రభావం మరొక స్వతంత్ర చలరాశి విలువను బట్టి మారుతూ ఉంటే, ఆ రెంటి మధ్య పరస్పర ప్రభావం ఉన్నదని అంటారు. రేఖీయ ప్రతిగమనం, అనగా లీనియర్ రిగ్రెషన్ సమీకరణంలో ఆ రెండు చలరాశుల లబ్ధాన్ని అదనపు పదంగా చేర్చి దీనిని కొలుస్తారు.

చరిత్ర

12 బంగాళాదుంప రకాలు ఎరువులకు వేర్వేరుగా స్పందిస్తాయా అన్న ప్రశ్నను రోనాల్డ్ ఫిషర్, మెకంజీలు 1923లో ప్రచురించిన పత్రంలో పరిశీలించారు. అట్టి తేడాకు తగిన ఆధారం వారికి కనిపించలేదు. వరిలో ఇందుకు భిన్నమైన ఉదాహరణ ఉన్నది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ 1966లో విడుదల చేసిన పొట్టి రకం ఐఆర్8 అధిక నత్రజనికి మంచి దిగుబడినిచ్చింది. పాత పొడుగు రకాలు అంతటి మోతాదుకు నిలువలేక పడిపోయేవి.

ఉదాహరణ

ఈ క్రింది సమీకరణంలోని అంకెలు ఊహాత్మకమైనవి. పొడుగు రకానికి 0, పొట్టి రకానికి 1 అని గుర్తు. దిగుబడి హెక్టారుకు క్వింటాళ్ళలో, నత్రజని హెక్టారుకు కిలోలలో ఇవ్వబడినవి.

దిగుబడి = 25 + 0.05 × నత్రజని − 2 × రకం + 0.15 × నత్రజని × రకం

* పొడుగు రకం: 25 + 0.05 × నత్రజని
* పొట్టి రకం: 23 + 0.20 × నత్రజని

నత్రజని వేయనప్పుడు దిగుబడులు వరుసగా 25, 23. 100 కిలోలు వేసినప్పుడు 30, 43. సుమారు 13 కిలోల వద్ద రెండు రేఖలూ ఖండించుకుంటాయి.

వివరణ

గుణకం −2 ను చూసి పొట్టి రకం తక్కువ పండుతుందని నిర్ణయిస్తే మేలైన విత్తనాన్నే త్రోసిపుచ్చినట్లవుతుంది. ఆ గుణకం నత్రజని సున్నా అయినప్పటి తేడాను మాత్రమే తెలుపుతుంది. నత్రజనిని 60 కిలోల నుండి కొలిస్తే అదే గుణకం +7 అవుతుంది, 0.15 మాత్రం మారదు, రేఖలూ మారవు. కనుక గుణకాల పట్టికతో పాటు రేఖాచిత్రాన్ని కూడా చూడాలి.

రేఖాచిత్రం గీయు విధానం

* ఒక చలరాశిని అడ్డు అక్షంపై, ఫలితాన్ని నిలువు అక్షంపై ఉంచి, రెండవ చలరాశి ఒక్కొక్క విలువకు ఒక్కొక్క రేఖ గీయాలి.
* రెండవ చలరాశి కూడా అవిచ్ఛిన్నమైనదైతే, సగటు వద్ద, దానికి ఒక ప్రామాణిక విచలనం పైన, క్రింద మూడు రేఖలు గీయడం వాడుక.
* రేఖలు సమాంతరంగా ఉంటే పరస్పర ప్రభావం లేనట్లు. సమాంతరంగా లేనంత మాత్రాన అది ఉన్నదని రుజువు కాదు. లబ్ధపు గుణకానికి ప్రామాణిక దోషాన్ని కూడా పరిశీలించాలి.
* దత్తాంశం ఉన్న మేరకే రేఖలను గీయాలి.

తేడా ఏ విలువల వద్ద సార్థకమో కనుగొనే పద్ధతిని జాన్సన్, నేమన్‌లు 1936లో ప్రతిపాదించారు.