కావేరి నీరు, సింగరేణి బొగ్గు, పావగడ ఎండ

హూడి అనగానే బెంగళూరులో ఉండే తెలుగువాళ్లకు గుర్తొచ్చేవి ట్రాఫిక్, పీజీ హాస్టళ్లు, ఐటీపీఎల్ దారి, 2023 మార్చిలో వైట్‌ఫీల్డ్ దాకా వచ్చిన మెట్రో. విద్యుత్ శాఖ వాళ్లకు మాత్రం హూడి అంటే 400 కిలోవోల్టుల సబ్‌స్టేషన్. నెలమంగల, సోమనహళ్లి, బిడది, హూడి: ఊరికి నాలుగు దిక్కుల నుంచి వచ్చే పెద్ద లైన్లు దిగే చోట్లు ఇవి. తూర్పున కోలార్ నుంచి వచ్చే 400 కె.వి. లైను హూడిలో దిగుతుంది. అక్కడ వోల్టేజీ తగ్గి 220 కె.వి.కి, తర్వాత అంతకంటే తక్కువకు దిగి, చివరికి మన లిఫ్టుకూ, ల్యాప్‌టాప్‌కూ చేరుతుంది.

ఆ తీగల్లో వచ్చేది ఏ కరెంటు? ఒడిశా బొగ్గుదా, శరావతి నీటిదా, పావగడ ఎండదా? గ్రిడ్‌లో కలిశాక వేరు చేసి చెప్పలేం. కానీ అవి ఏ వరుసలో వచ్చి కలిశాయో చెప్పవచ్చు. ఆ వరుసలో ఇంధనం నాలుగైదు సార్లు మారింది. మారనిది ఒక్క చిక్కే: దొరికినప్పుడు దొరికిన శక్తిని, కావలసిన వేళ దాకా ఎలా నిలవ ఉంచాలి?

గని కోసం జలపాతం

బెంగళూరు కరెంటు కథ బెంగళూరు కోసం మొదలు కాలేదు. 19వ శతాబ్దం చివర కోలార్ బంగారు గనుల్లో ఆవిరి యంత్రాలు నడిచేవి. లోతు పెరిగేకొద్దీ నీళ్లు తోడటానికి, ఖనిజం పైకి లాగటానికి కట్టెలూ బొగ్గూ ఎంత తెచ్చినా చాలేవి కావు. మైసూరు దివాన్ కె. శేషాద్రి అయ్యర్ హయాంలో శివనసముద్రం జలపాతం దగ్గర జలవిద్యుత్ కేంద్రం కట్టాలని సంకల్పించారు. ఇంజనీరు ఏ.సి. జోలీ డి లోబినియేర్ ఆ పని నడిపించాడు. విద్యుత్ యంత్రాలు అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీవి. 1901లో దివాన్ కన్నుమూశారు. 1902 జూన్ చివర్లో కరెంటు గనులకు చేరింది.

లైను పొడవు దాదాపు 147 కిలోమీటర్లు. నయాగరా జలపాతం నుంచి బఫెలో నగరానికి కరెంటు పారి అప్పటికి ఆరేళ్లే అయింది, అదీ నలభై కిలోమీటర్ల లోపు దూరమే. అంత పొడవైన లైను అప్పట్లో ప్రపంచంలో చాలా అరుదు. కేంద్రం సామర్థ్యం మాత్రం సుమారు 4.3 మెగావాట్లు. ఇవాళ హూడి చుట్టుపక్కల ఒక పెద్ద ఐటీ పార్కుకు కూడా అది చాలదు. గనుల అవసరం తీరాకే ఊరి వంతు వచ్చింది. 1905 ఆగస్టు 5న బెంగళూరు వీధుల్లో విద్యుత్ దీపాలు వెలిగాయి.

చిక్కు వెంటనే బయటపడింది. కావేరి ఏడాది పొడవునా ఒకేలా పారదు. ఎండాకాలం ప్రవాహం సన్నగిలితే గనిలో పని కుంటుపడుతుంది. అందుకే 1911లో కన్నంబాడి దగ్గర ఆనకట్ట మొదలైంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య పేరుతో మనం గుర్తుపెట్టుకునే కృష్ణరాజసాగర్ అదే. మండ్య పొలాలకు నీళ్లతో పాటు, శివనసముద్రానికి నికరమైన ప్రవాహం ఇవ్వడం కూడా దాని లక్ష్యం. వానాకాలపు కరెంటును ఎండాకాలానికి దాచిపెట్టే తొలి ఏర్పాటు అది. అంతా పూర్తయ్యేసరికి ఇరవై ఏళ్లు పట్టింది.

కరువు తెచ్చిన బొగ్గు

ఆ తర్వాత చాలాకాలం ఈ రాష్ట్రం నీటినే నమ్ముకుంది. 1948లో జోగ్ దగ్గర 120 మెగావాట్ల మహాత్మాగాంధీ జలవిద్యుత్ కేంద్రం, 1960లలో లింగనమక్కి ఆనకట్ట కింద శరావతి కేంద్రం వచ్చాయి. పది యూనిట్లతో శరావతి సామర్థ్యం 1,035 మెగావాట్లకు చేరింది. చౌకైన కరెంటు, పొగ లేని కరెంటు. ఇవాళ ‘స్వచ్ఛ ఇంధనం’ అని గొప్పగా చెప్పుకుంటున్నది కర్ణాటకకు అప్పుడే ఉంది. అయితే ఈ ఆనకట్టల ముంపుతో మలెనాడులో వేలాది కుటుంబాలు ఇళ్లూ పొలాలూ వదిలి వెళ్లాయి. వాళ్ల భూమి హక్కుల తగవు ఇప్పటికీ తెగలేదు.

ఆనకట్టలకు వాన కావాలి. వాన ముఖం చాటేసిన ఏడాది జలాశయాలు అడుగంటేవి, ఫ్యాక్టరీలకు కోతలు పడేవి. ఆ దెబ్బకు విరుగుడుగా 1985లో కృష్ణ ఒడ్డున రాయచూరు థర్మల్ కేంద్రంలో మొదటి యూనిట్ మొదలైంది. అంటే స్వచ్ఛ ఇంధనం నుంచి మసి ఇంధనానికి మారింది ఈ రాష్ట్రం! ఇంధనాల చరిత్ర ఎప్పుడూ మంచి నుంచి మరింత మంచికే నడుస్తుందనుకునేవాళ్లు ఈ సంగతి గమనించాలి.

ఆ మసిలో తెలుగు నేల వాటా ఉంది. రాయచూరు బాయిలర్లలో మండే బొగ్గులో సింగరేణిదీ ఒక భాగం. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు జాడ కనిపెట్టాడు. 1889లో తవ్వకం మొదలైంది. వందేళ్లు రైళ్లనూ మిల్లులనూ నడిపిన ఆ గనులు, తర్వాత కన్నడ దేశపు దీపాలకూ ఆసరా అయ్యాయి. బొగ్గు ఎందుకు గెలిచిందో ఇక్కడే తెలుస్తుంది. గాదెలో గింజలా అది పడి ఉంటుంది, అవసరమైనప్పుడు తీసి మండించుకోవచ్చు. దానికి ఆనకట్ట అక్కర్లేదు, వాన అక్కర్లేదు.

దూరం పెరిగిన తీగ

1990లలో ఐటీ వచ్చింది. వైట్‌ఫీల్డ్ వైపు కంపెనీలకు ఒక్క క్షణం కూడా కరెంటు పోకూడదు. యలహంకలో డీజిల్ విద్యుత్ కేంద్రం పెట్టారు. ప్రతి ఆఫీసు వెనకా, ప్రతి అపార్ట్‌మెంటు సెల్లార్ పక్కనా ఒక జెనరేటర్ వెలిసింది. హూడిలో కరెంటు పోయిన నాలుగైదు సెకన్లలో జెనరేటర్ గుర్రుమంటుంది, లిఫ్ట్ మళ్లీ కదులుతుంది, నెలాఖరు మెయింటెనెన్స్ బిల్లులో డీజిల్ ఖర్చు వేరే వరుసలో కనిపిస్తుంది. నిలవ సమస్యకు నగరం వెతుక్కున్న అత్యంత ఖరీదైన, అత్యంత మురికి పరిష్కారం అది.

పెద్ద పరిష్కారం తీగ రూపంలో వచ్చింది. 2003లో ఒడిశాలోని తాల్చేరు నుంచి కోలార్‌కు ±500 కె.వి. డీసీ లైను సిద్ధమైంది. 2,000 మెగావాట్లు మోసేలా కట్టిన ఈ లైను పొడవు దాదాపు 1,400 కిలోమీటర్లు. ఏ కోలార్ గనుల కోసం కరెంటు బయల్దేరిందో, ఆ గనులు 2001లో మూతబడ్డాయి. రెండేళ్లకు అదే జిల్లా బెంగళూరుకు కరెంటు దింపే రేవయింది. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కె.వి. లైనుతో దక్షిణాది గ్రిడ్ దేశపు గ్రిడ్‌తో కలిసిపోయింది. ఒకచోట లోటు ఇంకోచోటి మిగులుతో తీరే వీలు కలిగింది. ఇదీ ఒకరకంగా నిలవే, కాకపోతే కాలానికి బదులు దూరం మీద.

తెలుగు మాట్లాడే ఎండ

తుమకూరు జిల్లాలో ఉన్నా పావగడకు మూడు వైపులా ఆంధ్ర నేలే. ఇళ్లలో తెలుగు, ఆఫీసుల్లో కన్నడం. వేరుశనగ వేసి వాన కోసం ఆకాశం వైపు చూడటం అక్కడి రైతుకు తరతరాల అలవాటు. తిరుమణి, వళ్లూరు పరిసరాల్లోని ఐదు ఊళ్లలో దాదాపు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. 2018 మార్చిలో మొదటి 600 మెగావాట్లు ప్రారంభమై, 2019 చివరికి పార్కు పూర్తయింది.

ఇక్కడ భూమి కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు, 28 ఏళ్ల గడువు. పట్టా రైతు పేరనే ఉంటుంది. భూమి ఉన్నవాళ్లకు కరువు ఏడాది కూడా డబ్బు చేతికొస్తోంది. భూమి లేనివాళ్ల సంగతి వేరు. కలుపు తీసి, కాయ కోసి బతికే కూలీలకు సోలార్ పలకల కింద పని లేదు, మేకలు మేపేవాళ్లకు బీడు మిగల్లేదు. కౌలు ఒప్పందంలో వాళ్ల సంతకం ఎక్కడా లేదు.

ధర మాత్రం ఎవరూ ఊహించని తీరులో పడింది. 2010లో దేశంలో తొలి సోలార్ వేలాల్లో యూనిట్ 11, 12 రూపాయలు పలికింది. 2017 ఏప్రిల్‌లో మన కడప పార్కుకు 3 రూపాయల 15 పైసలకు, మే నెలలో రాజస్థాన్‌లోని భడ్లాకు 2 రూపాయల 44 పైసలకు వేలం ముగిసింది. బొగ్గు కరెంటు కంటే ఎండ కరెంటు చౌకయింది. సింగరేణి సంస్థ కూడా ఇప్పుడు తన స్థలాల్లో సోలార్ ప్లాంట్లు నడుపుతోంది.

సాయంత్రం ఏడు గంటల పరీక్ష

కానీ ఎండకు గాదె లేదు. మధ్యాహ్నం పావగడ పలకలు నిండుగా పనిచేస్తుంటే థర్మల్ యూనిట్లను తగ్గిస్తారు. రైతుల పంపులకు పగటిపూటే కరెంటు ఇచ్చి కొంత సర్దుబాటు చేశారు. పొద్దు వాలాక ఆఫీసు నుంచి హూడి ఇళ్లకు చేరినవాళ్లు ఏసీ, గీజర్, ఇండక్షన్ పొయ్యి వేస్తారు. ఎలక్ట్రిక్ స్కూటర్ చార్జింగ్‌కు పెడతారు. సరిగ్గా అదే వేళకు సోలార్ సున్నాకు దిగుతుంది. 2023లో వానలు తప్పి జలాశయాలు నిండకపోవడంతో, అక్టోబరులో కర్ణాటక ప్రభుత్వం విద్యుత్ చట్టం 11వ సెక్షన్ ప్రయోగించి ప్రైవేటు కేంద్రాల కరెంటునూ తన గ్రిడ్‌కు రప్పించుకోవలసి వచ్చింది. పావగడ పార్కు నిండిన నాలుగేళ్లకే!

ప్రపంచం లెక్కా ఇంతే. 2024లో ప్రపంచ విద్యుత్తులో కర్బనం తక్కువుండే వనరుల వాటా 40 శాతం దాటింది. అదే ఏడాది బొగ్గు వాడకం కూడా రికార్డుకెక్కింది, సుమారు 880 కోట్ల టన్నులు. బ్రిటన్ 1882లో మొదలుపెట్టిన బొగ్గు కరెంటును 2024 సెప్టెంబరు 30న పూర్తిగా ఆపేసింది. అక్కడ గిరాకీ పెరగడం ఆగిపోయింది. మన దగ్గర ఏటా పెరుగుతోంది. 2025లో భారత స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్ కాని వనరులదే అయింది. తయారయ్యే యూనిట్లలో మాత్రం బొగ్గుదే పెద్ద వాటా.

అందుకే మళ్లీ ఆనకట్టల వైపే చూపు మళ్లింది. మధ్యాహ్నం మిగులు కరెంటుతో నీటిని పైకి తోడి, సాయంత్రం కిందికి వదిలే పద్ధతి తెలుగువాళ్లకు కొత్త కాదు. నాగార్జునసాగర్‌లో అటూ ఇటూ తిరిగే టర్బైన్లు 1980లలోనే పెట్టారు. తోడటంలో ఐదో వంతు దాకా శక్తి పోయినా, మిగిలింది కావలసిన వేళకు చేతికొస్తుంది. నంద్యాల జిల్లా పిన్నాపురంలో గ్రీన్‌కో సంస్థ 1,680 మెగావాట్ల పథకం చేపట్టింది. శరావతి లోయలో 2,000 మెగావాట్ల పథకం ప్రతిపాదిస్తే, సింహపుచ్ఛ కోతుల అభయారణ్యం దెబ్బతింటుందని స్థానికులూ పర్యావరణవేత్తలూ ఎదురు తిరిగారు. లింగనమక్కి బాకీ తీరకముందే అదే లోయను మళ్లీ అడుగుతున్నారన్న కోపంలో న్యాయముంది. బ్యాటరీల ధర పడుతున్నకొద్దీ ఆ లోయను వదిలేసే వీలు పెరుగుతుంది.

నూట ఇరవై ఏళ్లలో ఇక్కడ కొత్త ఇంధనం ఏది వచ్చినా పాతదాని పక్కన చేరిందే తప్ప దాన్ని సాగనంపలేదు. శివనసముద్రం ఇప్పటికీ తిరుగుతోంది, రాయచూరు మండుతోంది. కాబట్టి ఎన్ని మెగావాట్ల పలకలు పరిచామన్న ప్రకటనలతో మార్పును కొలవలేం. వేసవి సాయంత్రం ఏడింటికి బెంగళూరు దీపాలు వెలిగే వేళ, రాయచూరులో ఎన్ని టన్నులు మండించారో ఏటికేడు చూడాలి. ఆ అంకె తగ్గడం మొదలైన ఏడాదే ఇంధనం మారిందని రాసుకోవచ్చు.