పిట్టల గొడవలో వ్యాకరణం

ఒకటో శతాబ్దంలో పెట్రోనియస్ లాటిన్‌లో రాసిన ‘సతీరికాన్’లో త్రిమాల్కియో ఇచ్చే విందు ఒకటుంది. బానిసత్వం నుంచి బయటపడ్డ ఒక అతిథి తన కొడుకు పిట్టల పిచ్చి గురించి మొత్తుకుంటాడు. మూడు పిట్టల్ని తానే చంపి, ముంగిసలాంటి జంతువేదో తినేసిందని వాడికి చెప్పాడట!

వ్యాకరణవేత్తలకు ఆ అబద్ధం కంటే దాన్ని చెప్పిన తీరే ముద్దు. లాటిన్ మహావక్త సిసెరో అయితే జంతువు పేరును ద్వితీయా విభక్తిలో పెట్టి, ‘తినేసింది’ని పురుషను చూపని క్రియారూపంగా మార్చేవాడు. ఈ అతిథి మన ‘అని’ లాంటి ‘క్వియా’ అన్న ముక్క తగిలించి మామూలు క్రియనే వాడేశాడు.

చివరికి జనం నోటిదే పైచేయి అయింది. లాటిన్ నుంచి పుట్టిన ఇటాలియన్‌లో ‘క్వియా’ పని ‘కె’కు దక్కింది.

అయినా సిసెరో నాటి పాత పద్ధతి అంత తేలిగ్గా చావలేదు. 14వ శతాబ్దంలో ఇటాలియన్ రచయిత బొకాచ్చో ఆ పద్ధతినీ వాడుతూ తన ‘డెకామెరాన్’ వచనానికి లాటిన్ దర్జా తెచ్చాడు. 1525లో పండితుడు పియెత్రో బెంబో ఇటాలియన్ వచనానికి బొకాచ్చోనే ఆదర్శమని తేల్చాడు. ఇక పండితుల వాక్యాలు మెలికలు తిరగక ఏం చేస్తాయి?

నేటి ఇటాలియన్ వాడుకలో ఆ పద్ధతిలో మిగిలింది ‘ది’తో వచ్చే పొట్టి రూపం. ‘దీచె ది ఎస్సెరె స్తాంకో’ అంటే అలసింది చెప్పినవాడే. ‘దీచె కె ఎ స్తాంకో’ అంటే అతనే కావచ్చు, పక్కవాడూ కావచ్చు. కర్తను విడిగా చెప్పే బొకాచ్చో నాటి నిర్మాణం ఇప్పుడు ఎక్కువగా కోర్టు, ఆఫీసు కాగితాల్లోనే కనిపిస్తుంది.