కొల్లేటికోటలో గాజుల బేరం

కొల్లేటికోట తిరునాళ్ళకు కొత్తగా పోయినవాడు ముందుగా కోట ఎక్కడని అడుగుతాడు. చిన్నప్పుడు నేనూ అడిగాను. పడవ దిగి గట్టెక్కగానే అమ్మ చెయ్యి విడిపించుకుని గోడల కోసం చూశాను. గోడల్లేవు. గాజుల దుకాణాలు, పసుపు కుంకుమ పొట్లాలు, జీళ్ళు, ఖర్జూరం గుట్టలు, కాళ్ళు కట్టేసిన మొక్కుబడి కోళ్ళు ఉన్నాయి. "కోట ఏదే?" అంటే, "ఇదంతా కోటేరా" అంది. పెద్దింట్లమ్మ గుడి ముందు వరసలో నిలబడి అన్న ఆ మాట చాలాకాలం నాకు తప్పించుకునే జవాబుగానే తోచింది.

మధ్యధరా సముద్రంలో రోడ్స్ అనే ద్వీప పట్టణం ఉంది. 1309 నుంచి దాన్ని క్రైస్తవ యోధులు ఏలారు. 1522లో ఆటోమన్ సుల్తాను సులేమాన్ ముట్టడించి పట్టుకున్నాడు. రాతి ప్రాకారాలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. 1856లో మందుగుండు పేలి కూలిన యోధనాయకుని భవనాన్ని ఇటలీ పాలకులు 1937-40 మధ్య మళ్ళీ కట్టించారు. యాత్రికులు కోటను చూసి, ఆ గోడల మధ్యే బజారు చేసుకుని పోతారు. రాయి గనుక మిగిలింది. మనది నీటికోట. కొల్లేరే దాని ప్రాకారం. నీటికి శిథిలాలుండవు కాబట్టి, మన చరిత్ర పుస్తకాల్లో దానికి నాలుగు పంక్తులు దక్కడమే గొప్ప.

అసలు ఈ నీటికి పాత సాక్ష్యాలు తక్కువేమీ కాదు. క్రీ.శ. 634 నాటి ఐహోళె శాసనంలో రెండవ పులకేశి ప్రశస్తి రాసిన రవికీర్తి, నెత్తురు కలిసిన కునాల సరస్సును వర్ణించాడు. అది కొల్లేరేనని పండితులు చెబుతారు. విక్రమచోళుని ప్రశస్తిలో 'కుళం' తెలుగు భీముడు ఓడి కొండలెక్కుతాడు. ఆ కుళం మన కొలను.

జనం చెప్పుకునే కథ వేరు. కోటలో లాంగుల గజపతి ఉన్నాడట. ముస్లిం సైన్యం ఒడ్డున చిగురుకోటలో విడిసి, కొల్లేటి నీటిని సముద్రంలోకి దింపడానికి ఉప్పుటేరు తవ్విందట. గజపతి సేనాని విజయం కోరి సొంత కూతుర్ని బలి ఇచ్చాడట. అందుకే ఆ కాలువ పేరంటాల కనుమ అయిందట.

కాలక్రమం చూస్తే ఈ కథ నిలవదు. లాంగుల నరసింహదేవుడు కోణార్క కట్టించిన రాజు, 13వ శతాబ్దం వాడు. అప్పుడు ఇటు కాకతీయ గణపతిదేవుని ప్రాబల్యం; గోదావరికి దిగువన ముస్లిం సైన్యమే లేదు. కటకం గజపతులకూ బహమనీలకూ ఈ సీమ కోసం యుద్ధాలు జరిగింది 15వ శతాబ్దంలో. ఉప్పుటేరు సరస్సు నీరు సహజంగా సముద్రానికి పోయే దారి. అయితే కథను ఇక్కడితో కొట్టిపారేసే పండితులతో నాకు పేచీ ఉంది. కోట ప్రాణం నీటిలో ఉందని, దాన్ని గెలవాలంటే కొల్లేటిని ఖాళీ చెయ్యాలని ఈ కథ కట్టినవాళ్ళకు తెలుసు. యుద్ధం రాజులది, చచ్చింది ఒక ఆడపిల్ల అనీ తెలుసు. ఆ పిల్లకు పేరు పెట్టడం మాత్రం మరిచారు. పేరంటాలు అన్నారు, మొక్కారు.

సైనికుల సంగతీ అంతే. లంకల్లో చేపలు పట్టే వడ్డీలు తాము గజపతి సైన్యపు సంతతి అని చెప్పుకుంటారు. రాజు పోయాడు, సిపాయి మావు పట్టి నీళ్ళలో మిగిలాడు.

శత్రువు చేశాడన్న పనిని తర్వాత మనమే చేశాం, తవ్వి కాదు, గట్లు వేసి. 1970ల నుంచి సరస్సు కడుపులో చేపల చెరువులు లేచాయి. 1999లో అభయారణ్యమన్నారు, 2002లో రామ్‌సార్ జాబితాకెక్కింది, 2006లో గట్లు కొట్టారు. కొట్టినప్పుడు పెద్ద పెట్టుబడిదారుతో పాటు పేద సంఘపు చెరువూ పోయింది. ఇద్దరి నష్టాన్నీ ఒకే తక్కెడలో తూచడం నాకు చేతకాదు.

మొన్నటి ఫాల్గుణంలో మళ్ళీ పోయాను. గాజుల దుకాణంలో ముసలమ్మ, "అమ్మవారికా బాబూ, ఇంట్లోకా?" అని అడిగింది. ఒక డజను అమ్మవారికి, ఒక డజను మనవరాలికి తీసుకుని, పేరంటాల కనుమ ఎటని అడిగాను. ఉప్పుటేరు వైపు చెయ్యి చూపించి, ఆకుపచ్చవి ఇంకో డజను కట్టమంటావా అంది. కట్టమన్నాను. ధర తగ్గించలేదు.