కరగిపోయిన డాలర్లు

అయిదవ జార్జి బొమ్మగల మన వెండి రూపాయలలో కొన్నింటి లోహము అంతకుముందు అమెరికాలో డాలరుగా చెల్లినదే.

మొదటి ప్రపంచ యుద్ధకాలమున భారతదేశమున నాణెములకు వెండి కరవయ్యెను. నోటు తెచ్చినవానికి రూపాయలు లెక్కించి యిచ్చుట ప్రభుత్వ బాధ్యత. 1918 తొలినెలలలో ఆ నిలువ అడుగంటసాగెను. బ్రిటను కోరికపై అమెరికా ఆ ఏప్రిలులో పిట్‌మన్ శాసనము చేసెను. దాని ననుసరించి 27 కోట్లకు పైగా డాలర్లను కరగించిరి. అందు 25 కోట్ల 90 లక్షలకు మించిన డాలర్ల వెండి, ఔన్సు ఒక డాలరు చొప్పున, బొంబాయి, కలకత్తా టంకశాలలకై విక్రయింపబడెను.

కరగినవి ఏయే సంవత్సరములవో ఎవ్వరును వ్రాసి యుంచలేదు. కావున టంకశాల లెక్కలు మాత్రమే చూచి ఏ డాలరు అరుదైనదో నిర్ణయింపలేమని మేము తలంతుము. న్యూ ఆర్లియన్సులో 1903వ సంవత్సరపు డాలర్లను 44 లక్షల 50 వేలు ముద్రించిరి. అయినను చెక్కుచెదరనివి కనుపింపక, సేకరించువారు వానిని మహార్ఘములుగా నెంచిరి. 1962లో ఖజానానుండి సంచులకొలది అవే వెలికివచ్చినవి, ధర కుప్పకూలెను. అంతకుముందు కొనినవారి సంగతి చెప్పనేల!

కరగించినన్ని డాలర్లను మరల ముద్రింపవలెనని కూడ ఆ శాసనమే విధించెను. 1921లో పాత మోర్గన్ అచ్చుతోనే 8 కోట్లకు పైగా వెలువడినవి. ఆ యేటి డాలరు, వాడుకలో అరిగినదైనచో, సాధారణముగా వెండి విలువకు కొంచెము మించి పలుకును, అంతే.