గాజుతొట్టెలో సముద్రము

చేపలను గాజుతొట్టెలలో పెంచుట నేడు మన పట్టణములలో సామాన్య వినోదమైనది. హైదరాబాదులోని వెంగళరావు నగరు వంటి, సముద్రమునకు వందల కిలోమీటర్ల దూరమున నున్న పేటలలో సహితము ముందుగదులలో నిట్టి తొట్టెలు కానవచ్చును. మంచినీటి చేపలతో తృప్తి చెందనివారు ఉప్పునీటి తొట్టెను, అందును సముద్రపు గుఱ్ఱమును కోరుదురు. (నీటిగుఱ్ఱ మన్నచో ఆఫ్రికా నదులలోని మహాకాయము స్ఫురించును గావున మేము సముద్రపు గుఱ్ఱ మనియే వ్రాయుచున్నాము.) ఆ కోరిక తీర్చుకొనుటకు ముందు, ఈ తొట్టె యెందుకు పుట్టెనో తెలిసికొనుట మంచిదని మా తలంపు.

పూర్వము సముద్రజీవులు పండితుల చేతికి ప్రాయికముగా చచ్చినపిదపనే చేరుచుండెను. మన విశాఖపట్టణమే యిందుకు నిదర్శనము. 1780 తరువాతి సంవత్సరములలో నచట నివసించిన పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు అక్కడి చేపలను పరిశీలించి, బొమ్మలు వ్రాయించి, రెండువందల మత్స్యముల వర్ణనతో 1803లో లండనున గ్రంథమును ప్రకటించెను. చేపలకు తెలుగు పేళ్లనే వాడెను. మన జాలరుల నోట నున్న కనగుర్త యను మాట ఆ గ్రంథముద్వారా శాస్త్రనామములోని కెక్కి నేటికిని నిలిచియున్నది. కాని బ్రతికియున్న చేప యేమి చేయునో, ఎట్లు బిడ్డలను కనునో బల్లమీది చేప చెప్పజాలదు గదా!

ఆ లోపమును తీర్చినది యొక స్త్రీ. ఝాన్ విల్‌ప్రూ పవర్ ఫ్రాన్సు దేశమున చెప్పులు కుట్టువాని కుమార్తె. పారిసున దుస్తులు కుట్టి జీవించినది. వివాహానంతరము సిసిలీ ద్వీపమందలి మెస్సీనాలో కాపురముండి, 1832 ప్రాంతమున గాజుతొట్టెలు చేయించి వానిలో ఆర్గోనాట్ అను జీవిని బ్రతికించి గమనించెను. ఆ జీవి తన గుల్లను తానే కట్టుకొనునా, ఒరులది దొంగిలించునా యని పండితులు చిరకాలము వాదులాడుచుండిరి. ఆమె గుల్లను కొంచెము పగులగొట్టి చూచెను. జీవి దానిని తానే బాగుచేసికొనెను. వాదము తీరెను. విశ్వవిద్యాలయముల తలుపులు స్త్రీలకు ప్రాయికముగా మూసియున్న కాలమున నిది జరిగెనని మఱవరాదు.

1846లో లండనున అన్నా థిన్ అను దొరసాని పగడపు జీవులను ఇంట పెంచసాగెను. నీటికి గాలి తగులవలెను, యంత్రములు లేవు. తెఱచిన కిటికీయెదుట నీటిని ఒక పాత్రనుండి వేఱొక పాత్రలోనికి అరగంట, ముప్పావుగంట ఎత్తిపోయవలసివచ్చెను. ఆ పని చేసినది ఇంటి పనిపిల్ల. ఆమెకది వేడుకగానే యుండెనని యజమానురాలు వ్రాసెను. పనిపిల్ల యేమనుకొనెనో వ్రాసినవారు లేరు.

1850లో రాబర్ట్ వారింగ్టన్ అను రసాయనజ్ఞుడు నీటిమొక్కయు, నత్తయు, చేపయు నొండొంటికి తోడుగా నెట్లు బ్రతుకునో చూపెను. 1853లో లండను జంతుశాలలో చేపల మందిరము తెఱచిరి. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ తన గ్రంథమునకు అక్వేరియం అను పేరు పెట్టెను. అంతట ఇంగ్లండున తొట్టెల పిచ్చి వ్యాపించెను. జనులు బుట్టలతో, ఉలులతో తీరములపై బడి రాతిగుంటలను ఊడ్చివేసిరి. పరిశోధనా సాధనము గృహాలంకార మయ్యెను. తండ్రి పుస్తకమువలననే తీరములు బోసిపోయెనని గాస్ కుమారుడు ఎడ్మండు 1907లో విచారముతో వ్రాసినాడు.

ఇక సముద్రపు గుఱ్ఱము. దీని సంతానవిధానము విచిత్రము: ఆడుది గ్రుడ్లను మగవాని పొట్టసంచిలో నుంచును, మోసి కనుట యంతయు మగవాని వంతు. (మన పురుషులు కొంద ఱీ చేపను చూచిన మేలు!) దీనికి జీర్ణకోశము లేదు, తిన్నది నిలువదు, కావున సన్నని రొయ్యపురుగులను దినమున కనేక పర్యాయము లందించవలెను. ఈత మిక్కిలి మందము. తోకతో గడ్డిని చుట్టుకొని నిలుచును. వడిగల చేపలతో నుంచిన ఆహారము దక్కదు. హైదరాబాదులో నైనచో లీటరు నీటికి సుమారు 35 గ్రాముల సముద్రలవణము కలుపవలెను. మలినమును హరించు సూక్ష్మజీవులు తొట్టెలో స్థిరపడుటకు వారములు పట్టును. వేసవిలో నీటిని చల్లబఱచు యంత్రము కావలెను. కరెంటు పోయిన రాత్రి కిటికీ దగ్గఱ కూర్చుండి నీరు ఎత్తిపోయు పనిపిల్ల నెవరిని నియమింతురు?

అన్నిటికి మించి చట్టమున్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో 2001లో సముద్రపు గుఱ్ఱపు కుటుంబమంతటిని చేర్చిరి. మన సముద్రములనుండి వీనిని పట్టుటయు అమ్ముటయు నేరము. 2004నుండి అంతర్జాతీయ వ్యాపారమునకును కట్టుబాట్లు కలవు. ఎండబెట్టిన వానిని చీనా వైద్యమునకై కొనువారుండుటయే యిందుకు ముఖ్యకారణము. చట్టము వచ్చిన పిదపను పాక్ అఖాతమున అడుగు వలలలో నివి చిక్కుట మానలేదు. వలవేయు జాలరి కోరకయే పడుచున్నవి. అట్లు పడిన దానిని గాజులో బెట్టి చూపుటకు మనకు హక్కు లేదు. వెంగళరావు నగరు పిల్లలకు జీవులను చూపదలచినచో వారింగ్టన్ తొట్టె చాలును: చెఱువు మొక్క యొకటి, నత్తలు రెండు, చిన్నచేప యొకటి, పక్కనొక నోటుపుస్తకము.