చీకటి లోతుల మలుగులు: ఒక వర్గీకరణ చరిత్ర

పాము వంటి పొడవాటి శరీరం కలిగి, శ్రోణి వాజాలు, అంటే పొట్ట కింది జత రెక్కలు లేకుండా, వీపు రెక్క తోకను చుట్టి కింది రెక్కతో ఒకే అంచుగా కలిసిపోయే చేపలను మలుగులు అంటారు. శాస్త్రజ్ఞులు ఆంగ్విల్లిఫార్మిస్ అనే క్రమంలో చేర్చిన ఈ చేపలలో సుమారు వెయ్యి జాతులు ఉన్నాయి. వాటిలో ఏటి నీటిలో పెరిగేవి చాలా కొద్ది. పగడపు దిబ్బల్లోను, తీరపు ఇసుకలోను ఉండేవి అనేకం. సూర్యకాంతి చొరని లోతుల్లో బతికేవి మరికొన్ని కుటుంబాలు. ఈ చివరి వర్గాన్ని అర్థం చేసుకోవడానికి రెండు శతాబ్దాలకు పైగా పట్టింది. ఒకే చేప బాల్యాన్ని, యౌవనాన్ని, ఆడ మగ రూపాలను వేర్వేరు జీవులుగా లెక్కించడమే ఆ ఆలస్యానికి ముఖ్య కారణం. ఆ పొరపాట్లను ఒక్కొక్కటిగా దిద్దుకుంటూ పోవడంలోనే ఈ వర్గీకరణకు గట్టి పునాది దొరికింది.

పద్దెనిమిదో శతాబ్దపు ప్రకృతి శాస్త్రజ్ఞులు అట్లాంటిక్ తీరంలో దొరికిన ఒక విచిత్రమైన చేపకు లెప్టోసెఫాలస్ అని పేరు పెట్టి, దానిని ప్రత్యేక ప్రజాతిగా, అంటే దగ్గరి జాతుల సముదాయంగా నమోదు చేశారు. వెదురాకులా పలచగా, వెడల్పుగా ఉండే ఆ జీవి తల శరీరంతో పోలిస్తే మరీ చిన్నది. దవడల్లో ముందుకు వంగిన సన్నని పళ్లుంటాయి. రక్తంలో ఎరుపు లేకపోవడం వల్ల, రెండు పలచని కండర పొరల నడుమ జిగురు వంటి పదార్థం నిండి ఉండడం వల్ల నీటిలో దాని కళ్లు తప్ప మరేమీ కనబడవు. గ్మెలిన్ అనే శాస్త్రజ్ఞుడు లెప్టోసెఫాలస్ మోరిసై అని నామకరణం చేసిన ఈ చేప నిజానికి కాంగర్ అనే సముద్రపు మలుగు డింభకం, అంటే పిల్ల దశ, కావచ్చునని 1864లో అమెరికన్ శాస్త్రజ్ఞుడు థియోడర్ గిల్ ఊహించాడు. 1886లో ఫ్రాన్సులోని రోస్కాఫ్ ప్రయోగశాలలో ఈవ్ డెలాజ్ ఒక డింభకాన్ని తొట్టిలో పెంచి, అది కుదించుకుపోయి గుండ్రని కాంగర్ పిల్లగా మారడాన్ని కళ్లారా చూసి ఆ ఊహను నిజమని నిరూపించాడు. పదేళ్లు గడిచేసరికి ఇటలీలో గ్రాసి, కాలండ్రుచియో మరొక లెప్టోసెఫాలస్ యూరప్ నదుల మలుగు పిల్లేనని తేల్చారు.

డింభకాల కథ ఇలా నడుస్తుండగా, లోతుల్లోని పెద్ద చేపలు కూడా ఒక్కటొక్కటిగా వెలుగులోకి రాసాగాయి. 1824లో మిచిల్ వర్ణించిన శాకోఫారింక్స్, 1882లో వైయాన్ వర్ణించిన యూరీఫారింక్స్ రెండూ అసాధారణమైన నోరు గలవి. యూరీఫారింక్స్ దవడలు పుర్రెకంటె ఎన్నో రెట్లు పొడవుగా పెరిగి, వాటి మధ్య సాగే చర్మం పెద్ద సంచిగా తెరుచుకుంటుంది; కొరడా వంటి తోక చివర కాంతి నిచ్చే అవయవం ఉంటుంది. మొప్పలను కప్పే ఎముకలు, పక్కటెముకలు, పొలుసులు, ఈత తిత్తి ఏవీ ఈ చేపలకు లేవు. అందుచేత గిల్, రైడర్ 1883లో వీటికోసం లయోమెరి అనే ప్రత్యేక క్రమాన్నే ఏర్పరచారు. 1946లో చెర్నావిన్ అనే శాస్త్రజ్ఞుడు ఇవి తక్కిన అస్థి చేపలన్నిటికంటె మౌలికంగా భిన్నమైనవని వాదించేదాకా వెళ్లాడు.

ఈ చరిత్రలో బంగాళాఖాతానికి గౌరవప్రదమైన స్థానం ఉంది. భారత సముద్రతీరాల సర్వేకు వినియోగించిన ఇన్వెస్టిగేటర్ అనే ఆవిరి ఓడలో ఒక వైద్యుడు ప్రకృతి పరిశోధకుడిగా కూడా పనిచేసే ఏర్పాటు ఉండేది. 1888 నుంచి 1892 వరకు ఆ పదవిలో ఉన్న ఆల్ఫ్రెడ్ ఆల్కాక్, బంగాళాఖాతంలోను చుట్టుపక్కల జలాల్లోను అడుగున లాగిన వలలకు చిక్కిన చేపలను వర్ణిస్తూ 1889లో ప్రచురించిన వ్యాసం లోతు మలుగుల శాస్త్రానికి ఒక మైలురాయి. మొసలి మూతి వంటి పొడవాటి ముట్టె గల గావియాలిసెప్స్, మొద్దు తలతో కురచగా ఉండే కోలోకాంగర్, చిన్న కళ్ల డిసొమ్మా అనే ప్రజాతులు ఆ వ్యాసం ద్వారానే లోకానికి పరిచయమయ్యాయి. నేటికీ ఆ పేర్లే చెల్లుబాటులో ఉన్నాయి.

ఆడ మగల తేడా మరొక చిక్కు తెచ్చిపెట్టింది. దారంలా సాగి, 750కి పైగా వెన్నుపూసలు కలిగిన నెమిక్థిస్ అనే మలుగుకు పైదవడ పైకి, కిందిదవడ కిందికి వంగిన పొడవైన ముక్కు ఉంటుంది. కాని మగ చేప పరిపక్వ దశకు రాగానే ఆ దవడలు కురచై, పళ్లు రాలి, ముక్కు రంధ్రాలు గొట్టాల్లా పెరుగుతాయి. ఇటువంటి మగలను వేరే ప్రజాతులుగా వర్ణించడం చాలాకాలం సాగింది. 1978లో నీల్సెన్, స్మిత్ చేసిన సమీక్షతో ఆ గందరగోళం తొలగింది.

అన్నిటికంటె పెద్ద భ్రమ 1930లో మొదలైంది. డెన్మార్క్ పరిశోధక నౌక డానా దక్షిణాఫ్రికా సమీపంలో 1.84 మీటర్ల పొడవున్న లెప్టోసెఫాలస్‌ను పట్టింది. యూరప్ నదుల మలుగు డింభకం ఏడెనిమిది సెంటీమీటర్లే ఉండి, పెరిగిన చేప దానికి ఎన్నో రెట్లు పెద్దదవుతుంది కాబట్టి, ఈ డింభకం పెరిగితే నావికులు చెప్పుకునే మహాసర్పమే అవుతుందని కొందరు విశ్వసించారు. 1970లో డేవిడ్ స్మిత్ ఇటువంటి భారీ డింభకాలు మలుగులవి కావనీ, నోటకాంతస్ కోవకు చెందిన ముళ్ల వీపు చేపలవనీ, ఆ చేపలు రూపపరివర్తన తరువాత పెద్దగా పొడవు పెరగవనీ చూపడంతో ఆ సర్పం మాయమైంది. అప్పటికి నాలుగేళ్ల ముందే, 1966లో గ్రీన్‌వుడ్ బృందం లెప్టోసెఫాలస్ దశ ఉండడమే ముఖ్య లక్షణంగా తీసుకుని మలుగులను, నోటకాంతస్‌లను, టార్పన్ అనే చేపలను ఎలోపోమార్ఫా అనే ఒకే మహావర్గంలో చేర్చింది. ఒకనాడు వేరే చేపగా పొరబడిన డింభకమే చివరకు ఆ వంశమంతటికీ గుర్తుగా నిలిచింది. ఆ గుర్తు వల్లనే సంచి నోటి చేపలు కూడా మలుగుల బంధువులేనని అంగీకరించడం సాధ్యమైంది.

ఇరవయ్యొకటో శతాబ్దంలో ఎముకల సాక్ష్యానికి జన్యువుల సాక్ష్యం తోడైంది. 2010లో జపాన్ శాస్త్రజ్ఞుడు ఇనౌయె బృందం మలుగుల 19 కుటుంబాలకు ప్రాతినిధ్యం వహించే 56 జాతుల మైటోకాండ్రియా జన్యుపదార్థాన్ని పూర్తిగా చదివి పోల్చింది. మైటోకాండ్రియా అంటే కణానికి శక్తిని సమకూర్చే సూక్ష్మ భాగం. నదుల్లో పెరిగే ఆంగ్విల్లా మలుగులకు దగ్గరి బంధువులు తీరపు మలుగులు కావనీ, నెమిక్థిస్, యూరీఫారింక్స్ వంటి నడిసముద్రపు చీకటి చేపలేననీ ఆ పరిశీలన తేల్చింది. గోదావరి, కృష్ణ వంటి నదుల్లో దొరికే మలుగు గుడ్లు పెట్టడానికి సముద్రానికి ఎందుకు తిరిగిపోతుందో ఈ వంశవృక్షం విశదం చేస్తుంది: ఆ చేప పూర్వీకులు లోతు సముద్రంలో పుట్టి పెరిగినవి, మేత కోసం మంచినీటికి అలవాటు పడినా సంతానోత్పత్తిని మాత్రం పుట్టిల్లయిన సముద్రంలోనే నిలుపుకున్నవి. కాబట్టి లోతుల మలుగులను చేపల లోకంలో ఒక మూలన పడివున్న వింతలుగా చూడడం ఇక చెల్లదు. ఏటి మలుగు చరిత్రను రాయాలన్నా, దాని పుట్టుకను కాపాడాలన్నా ఆ చీకటి జలాల నుంచే మొదలుపెట్టాలి.